దుబాయి కంపెనీకి మొదటి మెట్టు హనుమకొండ బ్యాంకులోనే

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఉత్తర తెలంగాణ బతుకుదెరువు చెప్పాలంటే ఒకప్పుడు ఈ మూడు మాటలు చాలేవి. కూలికి పోయిన దుబాయికే ఇప్పుడు మనోళ్లు ఓనర్లుగా పోతామంటున్నారు. మంచిదే. జగిత్యాల నుంచి వరంగల్ దాకా ఫోన్లలో ఒకటే వీడియోలు: మూడు రోజుల్లో లైసెన్సు, నూటికి నూరు శాతం మీ పేరు మీదే, ట్యాక్సు సున్నా. వీటిలో మొదటిది దాదాపు నిజం. రెండోది చాలా వరకు నిజం. మూడోది సగం కూడా నిజం కాదు.

నా పేచీ మాత్రం ఈ మాటలతో కాదు, పని మొదలుపెట్టే వరసతో. ఈ మొత్తం వ్యవహారంలో లైసెన్సు అన్నిటికంటే తేలికైన ముక్క. ఇక్కడి పైసలు అక్కడికి ఏ దారిన పోతాయి, అక్కడ ఏ బ్యాంకు ఖాతా ఇస్తుంది అన్న రెండూ తేలకముందే కట్టిన లైసెన్సు ఫీజు చాలాసార్లు ఉట్టిగనే పోతుంది. ఏజెంటు అమ్మేది లైసెన్సే కాబట్టి ఆయన దాన్నే ముందు పెడతాడు. మీరు పెట్టాల్సిన పని లేదు.

ముందు మీరు ఎవరో తేల్చుకోండి

విదేశీ మారకం లావాదేవీల చట్టం ఫెమా దృష్టిలో మీరు రెసిడెంటా, నాన్ రెసిడెంటా? మిగతా రూల్సన్నీ దీన్నిబట్టే మారతాయి. గడిచిన ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి ఇండియాలో ఉంటే మామూలుగా రెసిడెంటు. కానీ ఉద్యోగానికో వ్యాపారానికో దేశం దాటిన మనిషి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు, పోయిన నాటి నుంచే నాన్ రెసిడెంటు. చేతిలో దుబాయి రెసిడెన్సీ వీసా ఉన్నంత మాత్రాన ఎవరూ నాన్ రెసిడెంటు అయిపోరు. ఇన్‌కం ట్యాక్సు లెక్క వేరు, దాని రోజులు వేరు. రెండింటినీ కలిపి ఆగం కావద్దు.

షార్జాలో పదేళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషి తన జీతం పైసలతో అక్కడే కంపెనీ పెడితే ఇండియా నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు ఆయన కోరుట్లకు తిరిగొచ్చేసినా, నాన్ రెసిడెంటుగా ఉన్నప్పుడు సంపాదించిన ఆ వాటా ఆయనదే. ఫెమా 6(4) సెక్షను ఆ వెసులుబాటు ఇస్తుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే పద్ధతి మాత్రం ఇది కాదు. అన్న షార్జాలో ఉంటాడు, తమ్ముడు లేదా బామ్మర్ది ఊర్లో ఉంటాడు, ఇద్దరూ చెరిసగం. అన్న పెట్టుబడికి ఇండియా రూల్సు వర్తించవు. ఊర్లో ఉన్నవాడు పంపే ప్రతి రూపాయీ ఓవర్సీస్ డైరెక్ట్ ఇన్వెస్ట్‌మెంట్ కిందికి, అంటే ఓడీఐ కిందికి వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే ఇంటి మనుషులు, ఇద్దరికీ రెండు చట్టాలు. ఇది ఎవరూ చెప్పకపోవడం వల్లనే తమ్ముడి పది లక్షలు అన్న భార్య ఖాతాలోకి "ఇంటి ఖర్చుల" కింద పోతాయి. అధ్వానమైతే హవాలాలో పోతాయి. హవాలాలో పోయిన సొమ్ము మీద ఫెమా జరిమానా మూడింతల దాకా ఉండొచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఆ సొమ్ము లాభంతో తిరిగొచ్చిన రోజు అది ఎక్కడిదో చూపించడానికి ఒక్క కాగితం కూడా ఉండదు.

కఫీల్ (అక్కడి స్థానిక స్పాన్సరు) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 జూన్ 1కి ముందు యూఏఈ మెయిన్‌ల్యాండ్‌లో, అంటే వేరే రూల్సుండే ఫ్రీ జోన్ల బయట, ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ కంపెనీ) పెట్టాలంటే 51 శాతం స్థానికుడి పేరు మీద ఉండాల్సిందే. పైసలు మనవి, కష్టం మనది, కాగితం కఫీల్‌ది. ఆ రూలు ఇప్పుడు చాలా వ్యాపారాలకు లేదు. అట్లని గల్ఫ్ అంతా ఒకటే అనుకోవద్దు. సౌదీలో విదేశీయుడు వ్యాపారం చేయాలంటే పెట్టుబడుల మంత్రిత్వ శాఖలో రిజిస్టరు కావాలి. స్థానికుడి పేరు మీద దుకాణం పెట్టి తెర వెనక నడిపితే దాన్ని "తసత్తుర్" అంటారు. 2020లో వచ్చిన చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా. రియాద్‌లో, దమ్మామ్‌లో కఫీల్ పేరు మీద బూఫియా (చిన్న టీ, టిఫిన్ల కొట్టు) నడుపుతూ అదే పద్ధతిని కొత్త పెట్టుబడికీ వాడదామనుకునేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

అసలు కంపెనీ అవసరమా?

ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొని దుబాయికి పంపే వ్యాపారికి దుబాయి కంపెనీ అక్కర్లేదు. నిజామాబాద్ పసుపుకైనా అంతే. ఇక్కడి ఫర్మే నేరుగా ఎగుమతి చేయొచ్చు. ఆన్‌లైన్‌లో 500 రూపాయలకు వచ్చే ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) నంబరు, స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు రిజిస్ట్రేషన్, జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఉంటే పని నడుస్తుంది. 2022 మే 1 నుంచి అమలైన భారత్-యూఏఈ సెపా వాణిజ్య ఒప్పందం కింద సుంకం రాయితీ కావాలంటే సరుకు ఇండియాదేనని చూపే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ తీసుకోవాలి. అంతే. సాఫ్ట్‌వేర్ సేవలు అమ్మే నలుగురైదుగురి కంపెనీకి కూడా ఇదే మాట. హనుమకొండ ప్రైవేట్ లిమిటెడ్ పేరు మీద డాలర్ల ఇన్‌వాయిస్ ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

అక్కడ సరుకు గోదాములో పెట్టి సూపర్‌మార్కెట్లకు దిర్హాముల్లో అమ్మాలన్నా, వ్యాట్ నంబరున్న స్థానిక ఇన్‌వాయిస్ లేనిదే కొననని కొనుగోలుదారు పట్టుబట్టినా, అక్కడి నుంచి ఆఫ్రికాకు రీ-ఎక్స్‌పోర్టు చేయాలన్నా అప్పుడు కంపెనీకి అర్థం ఉంటుంది. ఒక హెచ్చరిక కూడా. ఇక్కడి మీ ఫర్ము అక్కడి మీ కంపెనీకే సరుకు అమ్మితే ఆ ధర మీ ఇష్టం కాదు. బయటివాడికి అమ్మే ధరతో అది సరితూగాలి. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ రిపోర్టు ఏటా ఇవ్వాలి. లాభం దుబాయిలో మిగలాలని క్వింటాలు ధర ఇక్కడ తగ్గించి రాస్తే ముందుగా పట్టుబడేది అక్కడే.

ఇక్కడి నుంచి పైసలు పంపడం

దీనికి పునాది 2022 ఆగస్టు 22న వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్. వాటి కింద దారులు రెండున్నాయి.

మొదటిది వ్యక్తిగా పంపడం. ఇది ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు పైసలు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) పరిమితిలోకి వస్తుంది. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2,50,000 డాలర్లు. దిర్హాము డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి అది 9,18,125 దిర్హాములు. పిల్లల చదువుకు పంపేదీ ఈ పరిమితిలోనే తగ్గుతుంది. రెండోది ఇక్కడి కంపెనీ, ఎల్‌ఎల్‌పీ లేదా రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్ ఫర్ము పంపడం. దానికి పరిమితి నికర విలువకు నాలుగు రెట్లు. ప్రొప్రైటర్‌షిప్ దుకాణం ఈ రెండో దారిలోకి రాదు, యజమాని వ్యక్తిగానే పంపాలి.

ఎక్కువమంది గమనించని తేడా ఏంటంటే, వ్యక్తిగా పంపితే 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. 25 లక్షలు పంపారనుకోండి, 15 లక్షల మీద 3 లక్షలు బ్యాంకు కోసుకుంటుంది. అది పోయిన సొమ్ము కాదు, మీ పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే రిఫండ్ వస్తుంది. కానీ అందాకా 3 లక్షలు ఇరుక్కున్నట్టే. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన పైసలైతే నెలకు 6,000 దానికే పోతాయి. ఫర్మో కంపెనీయో పంపే ఓడీఐ ఎల్‌ఆర్‌ఎస్ కాదు కాబట్టి దానికి ఈ టీసీఎస్ లేదు. రైస్‌మిల్లో గ్రానైట్ యూనిటో ఫర్ము పేరు మీద నడిపేవాళ్లు ఆ దారినే ముందు ఆలోచించాలని నా అభిప్రాయం. అయితే ఆ ఫర్ము లోన్లలో ఏదైనా ఎన్‌పీఏగా, అంటే మొండి బాకీగా, నమోదై ఉంటే అప్పిచ్చిన బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ లేనిదే అడుగు కదలదు.

వ్యక్తిగా పంపేవాళ్ల మీద ఇంకొన్ని కట్టుబాట్లున్నాయి. రెసిడెంటు వ్యక్తి విదేశీ కంపెనీలో వాటానే కొనగలడు, దానికి అప్పు ఇవ్వలేడు. ఆర్నెల్ల తర్వాత ఆఫీసు కిరాయి కట్టడానికి "కంపెనీకి చేబదులు" అని పంపడం కుదరదు, మళ్లీ వాటా కొన్నట్టే పంపాలి. తన చేతిలో ఉన్న ఆ కంపెనీ కింద ఇంకో అనుబంధ కంపెనీ ఉండకూడదు. ఫైనాన్స్ వ్యాపారం, స్థలాలు కొని అమ్మే రియల్ ఎస్టేట్ వ్యాపారం కుదరవు. ఈ పెట్టుబడి కోసం బ్యాంకు మీకు అప్పు ఇవ్వకూడదు. భార్య వాటాదారు కాకపోతే ఆమె పరిమితిని మీదానికి కలిపి వాడుకోకూడదు. ఇంట్లో నలుగురి ఖాతాల నుంచి తలా కొంత పంపి ఒక్కడి పేరు మీద షేర్లు రాయించుకోవడం మన దగ్గర మామూలే. అది సరిగ్గా ఈ రూలుకే తగులుతుంది.

ఇక కౌంటర్ దగ్గర. పైసలు పంపేటప్పుడు ఏ2 అనే ఫారం నింపిస్తారు. అందులో ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ గడి ఒకటి ఉంటుంది. గుమస్తాకు తెలిసిన కోడ్లు రెండు మూడే: చదువు, వైద్యం, కుటుంబ పోషణ. ఓడీఐ అనగానే ఆయన హైదరాబాద్‌కు ఫోన్ చేయాలి, ఫైలు ఫారెక్స్ విభాగానికి పోవాలి, వారాలు పడుతుంది. అందుకని "కుటుంబ పోషణ అని రాయండి సార్, ఇయ్యాల్నే అయిపోతది" అంటాడు. దానివల్ల టీసీఎస్ పైసా కూడా తగ్గదు. కానీ ఆ రోజు నుంచి మీ వాటాకు ఇండియాలో పుట్టుకే ఉండదు. సరైన దారి, విదేశీ పెట్టుబడిని రిజర్వు బ్యాంకుకు చూపే ఫారం ఎఫ్‌సీ. దాన్ని బ్యాంకు ద్వారానే ఇచ్చి, పైసలు పోకముందు లేదా షేర్లు రాకముందు, ఏది ముందైతే దానికన్నా ముందు, రిజర్వు బ్యాంకు నుంచి ఆ కంపెనీకి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఆ యూఐఎన్ లావాదేవీలన్నీ ఒకే బ్యాంకు ద్వారా నడవాలి. ఆరు నెలల్లోపు షేర్ సర్టిఫికెట్ బ్యాంకుకు ఇవ్వాలి. ఆ బ్యాంకులో మీ ఖాతా ఏడాది పాతదైతే పని సాఫీగా సాగుతుంది. కొత్తదైతే పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు అడుగుతారు.

క్రెడిట్ కార్డు గురించి ఒక మాట. ఏజెంటు పంపే లింకులో కార్డు గీకితే నిమిషంలో లైసెన్సు ఫీజు కట్టొచ్చు. కానీ ఫెమా లెక్కలో కార్డు ఉన్నది కరెంట్ అకౌంట్ అనే మామూలు ఖర్చులకు, వాటా మూలధనం క్యాపిటల్ అకౌంట్, అంటే పెట్టుబడి. కంపెనీ ఖాతా తెరవకముందే ఫీజు కట్టాలి, ఖాతా లేనిదే మూలధనం పంపలేరు. ఈ చిక్కు నిజమే. అందుకే కంపెనీ పుట్టకముందు ఖర్చులను ఏ కోడ్ కింద, ఎవరి ఖాతాకు పంపాలో ఫారెక్స్ విభాగాన్ని ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా రాతలోనే తెచ్చుకోవాలి. నోటిమాట నడవదు, మేనేజర్లు మూడేళ్లకు ఒకసారి మారతారు.

అక్కడి కాగితాలు

మెయిన్‌ల్యాండా, ఫ్రీ జోనా? దేశం లోపలే సరుకు అమ్మాలంటే, హోటలో సెలూనో పెట్టాలంటే మెయిన్‌ల్యాండ్. ఎగుమతులు, బయటి దేశాలకు సేవలు, రీ-ఎక్స్‌పోర్టు అయితే ఫ్రీ జోన్ సరిపోతుంది. ఫ్రీ జోన్ నుంచి మెయిన్‌ల్యాండ్‌లోకి సరుకు దించితే మామూలుగా 5 శాతం కస్టమ్స్ సుంకం పడుతుంది, అక్కడ సేవలు అమ్మాలన్నా వేరే పర్మిట్ కావాలి. ఫ్రీ జోన్ చవక అని అందులో లైసెన్సు తీసుకుని, దేరాలో దుకాణాలకు సరుకు వేయబోయి ఇరుక్కున్న కథలు అందుకే అన్ని ఉన్నాయి.

పని వరస ఇట్లుంటుంది: వ్యాపార కార్యకలాపం ఎంపిక, పేరు ఆమోదం, ప్రాథమిక అనుమతి, మెమొరాండం, ఆఫీసు లీజు, లైసెన్సు, ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డు (కంపెనీ పేరు మీద వీసాలు తీయడానికి), ఆ తర్వాత ఇన్వెస్టర్ వీసా, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ. ఇందులో అశ్రద్ధ చేయకూడనిది మొదటిదే. ఏం చేస్తారో ఖాయం కాలేదని "జనరల్ ట్రేడింగ్" తీసుకుంటారు. రేపు బ్యాంకువాళ్లు అనుమానంగా చూసేది ఆ మాటనే. తిండి సరుకైతే మున్సిపాలిటీ ఆమోదం వేరే.

ఏజెంటు ఇచ్చే కొటేషన్‌ను దగ్గరగా చూడండి. ఫ్లెక్సీ డెస్క్‌తో (నలుగురితో పంచుకునే ఆఫీసు టేబుల్) లైసెన్సు ఐదారు వేల దిర్హాముల దగ్గర మొదలవుతుంది, ఒక వీసా కలిపితే మామూలుగా 15,000 దాటుతుంది. అందులో రాయనివే ఎక్కువ: బ్యాంకు ఖాతా, కార్పొరేట్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్, పుస్తకాలు రాసే అకౌంటెంటు, ఆడిట్, రెండో ఏడాది రెన్యూవల్. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి రెండో ఏడాది ధర అడగకుండా సంతకం పెట్టొద్దు.

ఇక్కడి ఫర్ము వాటాదారైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, తీర్మానం, పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించాలి. ఒక్క ముద్రతో కాగితాలు చెల్లే అపాస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు. అంటే నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం లేదా చాంబర్ ఆఫ్ కామర్స్, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, అన్నీ పడాలి. ఒక్కచోట పేరులో అక్షరం తేడా ఉన్నా వరసంతా మొదటికొస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, పాన్ కార్డులో పొట్టి అక్షరంగా ఉండడం మన పేర్లతో నిత్యం వచ్చే తంటా. అటెస్టేషన్‌కు పోకముందే దాన్ని సరిచేసుకోండి.

బ్యాంకు ఖాతా దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు

లైసెన్సు ఇచ్చే సంస్థ మీకు ఖాతా ఇప్పించదు. బ్యాంకుకు మీ లైసెన్సు మీద గౌరవమేమీ ఉండదు. అది అడిగేవి వేరే: ఆరు నెలల వ్యక్తిగత స్టేట్‌మెంట్, పైసలు ఎక్కడివో చూపే కాగితం, ఎవరికి అమ్ముతారు, ఎవరి దగ్గర కొంటారు, ఇప్పటికే ఉన్న ఒప్పందాలు, ఇక్కడి పాత వ్యాపారం రిటర్నులు, అక్కడి చిరునామా. భూమి అమ్మిన పైసలైతే రిజిస్ట్రేషన్ దస్తావేజు, దాని ఇంగ్లీషు అనువాదం చూపాలి. దస్తావేజులో 12 లక్షలు, ఖాతాలో 40 లక్షలు ఉంటే అధికారి ఇంకో ప్రశ్న అడగడు, ఫైలు మూసేస్తాడు. నలుపు-తెలుపు లెక్కలతో అమ్మిన భూమి విదేశీ పెట్టుబడికి పనికిరాదని చాలామందికి తెలిసొచ్చేది ఆ టేబుల్ ముందే.

కనీస నిల్వ తగ్గితే నెలనెలా కోత పడుతుంది. ఆర్నెల్లకు మించి దేశం బయటే ఉంటే మామూలు ఇన్వెస్టర్ వీసా చెల్లకుండా పోతుంది. ఎమిరేట్స్ ఐడీ చెల్లకపోతే ఖాతా కూడా స్తంభించవచ్చు. కరీంనగర్‌లో కూర్చుని ఏడాదికి ఒకసారి పోయి నడుపుతాననే లెక్క తేలిపోయేది ఇక్కడే.

"సున్నా ట్యాక్సు"

2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి యూఏఈలో కార్పొరేట్ ట్యాక్సు ఉంది. 3,75,000 దిర్హాముల లాభం వరకు సున్నా, ఆపైన 9 శాతం. 5 లక్షల దిర్హాములు లాభమొస్తే 1,25,000 మీద 11,250 కట్టాలి. ఫ్రీ జోన్ కంపెనీకి సున్నా దక్కాలంటే ఆదాయం అర్హమైన రకానిదై ఉండాలి, ఇంకా కొన్ని షరతులు తీరాలి. అమ్మకాలు 30 లక్షల దిర్హాములు దాటని చిన్న కంపెనీలకు, 2026 డిసెంబర్ 31 లోపు ముగిసే పన్ను కాలాలకు రాయితీ ఉంది. కానీ రిటర్ను వేసి ఆ రాయితీ కోరాలి. పన్ను లేకున్నా రిజిస్ట్రేషన్ తప్పదు: కొత్త కంపెనీ పుట్టిన మూడు నెలల్లో. ఆలస్యమైతే 10,000 దిర్హాముల జరిమానా. పన్ను విధించదగ్గ అమ్మకాలు ఏడాదికి 3,75,000 దిర్హాములు దాటితే 5 శాతం వ్యాట్‌కూ రిజిస్టరు కావాలి.

ఇండియా వైపు చూస్తే, రెసిడెంటుకు అక్కడి నుంచి వచ్చిన డివిడెండు మీద ఇక్కడి స్లాబు ప్రకారమే పన్ను. రిటర్నులో ఫారిన్ అసెట్స్ షెడ్యూలు నింపాలి, అందుకని ఐటీఆర్-1 పనికిరాదు. ఆ షెడ్యూలుకు మన ఏప్రిల్-మార్చి కాదు, క్యాలెండర్ సంవత్సరమే లెక్క. ఆస్తి దాచితే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024 అక్టోబర్ 1 నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా వేయరు. కంపెనీ దుబాయిదే అయినా నిర్ణయాలన్నీ హనుమకొండలో జరుగుతుంటే, టర్నోవరు ఏడాదికి 50 కోట్లు దాటితే, దాన్ని ఇండియా కంపెనీగానే లెక్కగట్టి పన్ను వేయొచ్చు. 50 కోట్లు దాటలేదని పూర్తిగా నిశ్చింతగా ఉండలేరు. కాంట్రాక్టులు ఇక్కడే కుదిరి, పని ఇక్కడే జరిగితే ఆ లాభం ఇండియాలో పుట్టిందని అధికారి అనొచ్చు.

వీటన్నిటితో పాటు ఏటా డిసెంబర్ 31 లోపు రిజర్వు బ్యాంకుకు ఏపీఆర్ అనే నివేదిక పోవాలి. కంపెనీ మీ అదుపులో ఉంటే దానికి ఆడిట్ అయిన లెక్కలే ఆధారం. అక్కడ ఆడిట్ తప్పనిసరి కాకపోయినా సరే. పెట్టుబడి పెట్టింది ఇక్కడి కంపెనీ అయితే జులై 15 లోపు విదేశీ ఆస్తులు, అప్పులు చూపే ఎఫ్‌ఎల్‌ఏ రిటర్ను కూడా. ఏపీఆర్ తప్పితే ఒక్కోదానికి 7,500 ఆలస్య రుసుము, అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అది కట్టి సరిచేసేదాకా అదనపు పెట్టుబడి ఒక్క డాలరు కూడా పంపనివ్వరు. అక్కడ కిరాయి గడువు ముంచుకొచ్చిన నెలలోనే ఇది బయటపడుతుంది.

మూసేయడం గురించి ఏజెంట్లు నోరు విప్పరు. నడవకపోతే వదిలేసి రావచ్చనుకుంటారు. లైసెన్సు గడువు దాటితే జరిమానాలు పేరుకుంటాయి, ఓనరు పేరు మీద రిమార్కు పడుతుంది, మళ్లీ వీసాకు పోతే అడ్డం తిరుగుతుంది. పద్ధతి ప్రకారం ముందు వీసాలు రద్దు చేయాలి, లెక్కలు తేల్చి కంపెనీ మూసే లిక్విడేటరును పెట్టాలి, మెయిన్‌ల్యాండ్ ఎల్‌ఎల్‌సీ అయితే అప్పులవాళ్లకు 45 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆఫీసు, కరెంటు, లేబర్ క్లియరెన్సులు తేవాలి. వ్యాట్ నంబరు రద్దుకు 20 పనిదినాలు, కార్పొరేట్ ట్యాక్సు రద్దుకు మూడు నెలలు గడువు. బ్యాంకు ఖాతా అన్నిటికన్నా చివర మూయాలి, మిగిలిన పైసలు వచ్చేది దాన్నుంచే. ఆ పైసలు 90 రోజుల్లో ఇండియాకు రావాలి, వచ్చిన 30 రోజుల్లో మళ్లీ ఫారం ఎఫ్‌సీలో చూపాలి. అది చూపేదాకా రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో యూఐఎన్ బతికే ఉంటుంది. లైసెన్సు ఎప్పుడో చచ్చిన కంపెనీకి కూడా ఏటా డిసెంబర్ 31 గడువు నడుస్తూనే ఉంటుంది.